టెండరు పెట్టెలో బర్మా

ఒక ప్రభుత్వ కార్యాలయానికి కంప్యూటర్లు కావాలి. టెండరు పిలిచారు. మొదటి కంపెనీ 100 రూపాయలకు ఇస్తానంది. రెండో కంపెనీ 108 అడిగింది. పని ఎవరికి దక్కుతుంది? మన కాంట్రాక్టర్ల మాటల్లో తక్కువ కోట్ చేసినవాడు ‘ఎల్-1’, పని అతనిదే. దీని మీద రెండో మాట ఉండదు.

1996 జూన్‌లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం ఈ లెక్కను మార్చేసింది. ఆ నెల 25న గవర్నర్ విలియం వెల్డ్ సంతకం పెట్టిన చట్టం ప్రకారం, 100 కోట్ చేసిన కంపెనీకి బర్మాలో వ్యాపారం ఉండి, 108 అడిగినదానికి లేకపోతే, ఆర్డరు రెండోదానికే వెళ్ళాలి. రెండు ధరల మధ్య తేడా పది శాతం మించనంతవరకు ఇదే పద్ధతి. రెండో కంపెనీ 115 అడిగితే మాత్రం మొదటిదానికే ఇవ్వొచ్చు. ప్రజల డబ్బు మరీ ఎక్కువగా పోకుండా పెట్టుకున్న హద్దు అది. మందులు, వైద్య సామగ్రి చట్టం పరిధిలోకి రావు. వార్తలు సేకరించడానికి బర్మాలో ఉన్న సంస్థలకూ, అంతర్జాతీయ టెలిఫోన్ సేవలందించే వాటికీ మినహాయింపు ఇచ్చారు. మిగతా కంపెనీల్లో బర్మాతో లావాదేవీలున్న వాటి పేర్లతో రాష్ట్ర ప్రభుత్వం ఒక జాబితా తయారు చేసి నిర్వహించేది.

బోస్టన్‌లోని ఒక రాష్ట్ర ప్రభుత్వం భూగోళానికి అవతలి వైపున్న సైనిక పాలకుల గురించి తన టెండరు కాగితాల్లో రాసుకోవడం ఏమిటి? ఈ ప్రశ్న మీద నాలుగేళ్ళు వాదోపవాదాలు నడిచాయి. ఐరోపా సమాఖ్య, జపాన్ ప్రపంచ వాణిజ్య సంస్థ గడప తొక్కాయి. చివరికి అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సర్కారు డబ్బుకు మంచిచెడ్డల విచక్షణ ఉండాలా, ఉంటే ఆ విచక్షణ చూపే హక్కు ఎవరిది అన్నది తేల్చుకోవాలంటే ఈ కథంత స్పష్టమైన ఉదాహరణ ఇంకొకటి దొరకదు.

కథ మొదలయింది బర్మాలో కాదు, బోస్టన్ పక్కనే ఉన్న కేంబ్రిడ్జిలో. 1970లో అక్కడి పోలరాయిడ్ కెమెరా కంపెనీలో ఇద్దరు నల్లజాతి ఉద్యోగులుండేవారు. ఒకరు కెమిస్టు కారొలిన్ హంటర్, మరొకరు ఫొటోగ్రాఫర్ కెన్ విలియమ్స్. ఒకరోజు ఆఫీసులో ఒక నమూనా గుర్తింపు కార్డు వాళ్ళ కంటబడింది. దాని మీద దక్షిణాఫ్రికా గనుల శాఖ పేరుంది. అక్కడ నల్లవాళ్ళు ఎక్కడికి కదలాలన్నా వెంట ఉండి తీరాల్సిన ‘పాస్ బుక్’కు అతికించే ఫొటోలు తమ కంపెనీ పరికరాలతోనే తీస్తున్నారని ఆ ఇద్దరూ తెలుసుకున్నారు. తమ చేతులతో తయారైన వస్తువు ఒక జాతి మెడలో పలుపుతాడైందన్న ఎరుక వాళ్ళను కుదురుగా ఉండనివ్వలేదు. కరపత్రాలు పంచారు, ఊరేగింపులు తీశారు, పోలరాయిడ్ సరుకును బహిష్కరించమని పిలుపునిచ్చారు. హంటర్ ఉద్యోగం పోయింది. ఏడేళ్ళ తర్వాత, 1977లో, పోలరాయిడ్ దక్షిణాఫ్రికాను వదిలి బయటికొచ్చింది.

ఆ గాలి మసాచుసెట్స్ చట్టసభలోకీ వీచింది. దక్షిణాఫ్రికాలో వ్యాపారం చేసే కంపెనీల్లో ఉన్న రాష్ట్ర ఉద్యోగుల పింఛను నిధిని వెనక్కి తీసుకోవాలని 1983లో చట్టం వచ్చింది. అమెరికా అంతటా పదుల సంఖ్యలో రాష్ట్రాలు, నగరాలు ఇదే దారి పట్టాయి. కొన్ని పింఛను సొమ్ము ఉపసంహరించాయి, కొన్ని కొనుగోళ్ళ మీదే ఆంక్షలు పెట్టాయి. కింది నుంచి ఇంత ఒత్తిడి పెరిగాకే 1986లో ఫెడరల్ కాంగ్రెస్ కదిలి దక్షిణాఫ్రికా మీద ఆంక్షల చట్టం చేసింది. అధ్యక్షుడు రీగన్ వీటో చేస్తే దాన్ని కూడా తోసిరాజంది. 1990లో జైలు నుంచి విడుదలైన నెల్సన్ మండేలా ఆ వేసవిలోనే బోస్టన్ వెళ్ళి అక్కడి ప్రజలకు కృతజ్ఞతలు చెప్పారు.

ఆ పోరాటంలో ముందు వరసలో నిలిచిన శాసనసభ్యుడు బైరన్ రషింగ్. బోస్టన్‌లోని సౌత్ ఎండ్ ప్రతినిధి. అంతకుముందు నల్లజాతి చరిత్ర మ్యూజియానికి అధ్యక్షుడిగా పనిచేశారు. నైతిక పెట్టుబడుల సంస్థలో పనిచేసే ఒక ఉద్యమకారుడు బర్మా సంగతి ఆయన చెవిన వేశారు. పాత దక్షిణాఫ్రికా పద్ధతినే అచ్చుగా తీసుకుని బర్మాకు బిల్లు తయారైంది. చట్టం లక్ష్యమేమిటని అడిగితే రషింగ్ డొంకతిరుగుడు లేకుండా చెప్పారు: బర్మాలో స్వేచ్ఛగా ప్రజాస్వామ్య ఎన్నికలు జరగాలి. ఆ నిజాయితీయే తర్వాత కోర్టులో ఆయన చట్టానికి ఎదురు తిరిగింది.

అప్పటి బర్మా పరిస్థితి తెలుగువాళ్ళకు మరీ పరాయి సంగతి కాదు. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల పల్లెల్లో పెద్దవాళ్ళు ఆ దేశాన్ని ‘రంగం’ అనేవారు. రంగూన్ మన నోట్లో రంగం అయింది. కాకినాడ, విశాఖ, కళింగపట్నం రేవుల్లో ఓడెక్కి వెళ్ళి, రంగూన్ రేవులో మూటలు మోసి, ధాన్యం మిల్లుల్లో చెమటోడ్చినవాళ్ళు లక్షమందికి పైనే. బర్మావాళ్ళు మనవాళ్ళను కోరంగీలనేవారు, కాకినాడ దగ్గర కోరంగి రేవు పేరు మీద. 1930లో రేవు కూలీల సమ్మె నుంచి పుట్టిన అల్లర్లలో రంగూన్ వీధుల్లో తెలుగు కూలీలు బలయ్యారు. 1942లో జపాన్ దాడికి భయపడి కాలినడకన అడవులు దాటి వచ్చినవాళ్ళూ, దారిలోనే ఒరిగిపోయినవాళ్ళూ ఉన్నారు. చివరి దెబ్బ 1962లో. జనరల్ నే విన్ సైనిక తిరుగుబాటుతో అధికారం పట్టి దుకాణాలనూ వ్యాపారాలనూ జాతీయం చేశాక లక్షల మంది భారతీయులు కట్టుబట్టలతో వెనక్కి వచ్చారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అనే పేరు అలా పుట్టిందే. 1996లో మసాచుసెట్స్ చట్టం గురి పెట్టింది ఆ సైనిక పాలన వారసుల మీదే.

1988లో ప్రజలు లక్షలుగా వీధుల్లోకి వస్తే సైన్యం కాల్పులతో అణచివేసింది. 1990లో ఎన్నికలు పెట్టింది. ఆంగ్ సాన్ సూకీ గృహనిర్బంధంలో ఉండగానే ఆమె పార్టీ 485 స్థానాల్లో 392 గెలిచింది. సైన్యం ఆ ఫలితాన్ని పక్కన పడేసింది. మరుసటి ఏడు ఆమెకు నోబెల్ శాంతి బహుమతి వచ్చినప్పుడు కూడా ఆమె తన ఇంట్లోనే బందీ.

ఖాళీ ఖజానాతో ఉన్న జనరళ్ళకు విదేశీ కంపెనీలే ఊపిరి పోశాయి. అండమాన్ సముద్రంలోని యదనా గ్యాసును పైపులైను వేసి థాయిలాండ్‌కు అమ్మే ప్రాజెక్టులో ఫ్రాన్స్ కంపెనీ టోటల్, అమెరికా కంపెనీ యునోకాల్, థాయి చమురు సంస్థ చేరాయి. బర్మా ప్రభుత్వ చమురు సంస్థ వాటాదారు. పైపులైను దారికి కాపలా కాసిన సైన్యం పల్లెల వాళ్ళ చేత వెట్టి చేయించిందని ఆరోపిస్తూ గ్రామస్థులు 1996లో అమెరికా కోర్టులోనే యునోకాల్ మీద దావా వేశారు. ఏళ్ళు గడిచాక కంపెనీ వాళ్ళతో రాజీ చేసుకుంది.

మసాచుసెట్స్ చట్టం రాసినవాళ్ళకు ఈ సంగతులన్నీ తెలుసు. అందుకే బర్మాతో వ్యాపారం అంటే ఏమిటో విడమరిచారు. అక్కడ ఆఫీసో శాఖో ఉన్నా, ప్రభుత్వానికి అప్పులిచ్చినా, సరుకు అమ్మినా, ప్రభుత్వ గుప్పిట్లో ఉన్న రత్నాలు, కలప, చమురు, గ్యాసు వ్యాపారాన్ని ప్రోత్సహించినా జాబితాలో పేరు చేరుతుంది. బర్మా టేకు, బర్మా కెంపులు మన ఇళ్ళల్లో మురిపెంగా చెప్పుకునే పేర్లే. ఆ మురిపెం ఖరీదు ఎవరి జేబులోకి వెళ్తుందన్నదే చట్టం అడిగింది.

ఫలితం ఎంత త్వరగా కనిపించిందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. చట్టం వచ్చిన నాలుగో నెలలోనే, 1996 అక్టోబరులో, ఆపిల్ కంపెనీ బర్మాలో కంప్యూటర్ల అమ్మకం ఆపేసింది, కారణంగా మసాచుసెట్స్ చట్టాన్నే చూపింది. కోడాక్, హ్యూలెట్ ప్యాకర్డ్, ఫిలిప్స్ లాంటివి కూడా ఆ దేశాన్ని వదిలాయి. లెక్క తేలికే. బర్మాలో అమ్ముడయ్యే కంప్యూటర్లెన్ని? మసాచుసెట్స్ ప్రభుత్వం కొనే కంప్యూటర్లెన్ని? ఒక చిన్న బజారు కోసం పెద్ద ఖాతాదారుణ్ణి ఎవరూ పోగొట్టుకోరు.

పెప్సీ కథ కొంచెం వేరు. దానికి బర్మాలో కూల్‌డ్రింకుల బాట్లింగ్ వ్యాపారంలో వాటా ఉండేది. మసాచుసెట్స్‌లోనే ఉన్న హార్వర్డ్ విశ్వవిద్యాలయం తన భోజనశాలల్లో పెప్సీ పెట్టాలని చూస్తే విద్యార్థులు అడ్డం తిరిగారు, కాంట్రాక్టు కోక్ దగ్గరే ఉండిపోయింది. 1996 ఏప్రిల్‌లో పెప్సీ తన వాటా అమ్మేసింది. సిరప్ సరఫరా మాత్రం కొనసాగించింది. ఉద్యమకారులు అక్కడితో సరిపెట్టుకోలేదు. 1997 జనవరిలో పూర్తిగా తప్పుకుంటున్నట్టు కంపెనీ ప్రకటించాల్సి వచ్చింది. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ నగరం అప్పటికే 1995లో బర్మా మీద ఇలాంటి నిబంధన పెట్టింది. తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో, న్యూయార్క్ సహా ఎన్నో నగరాలు చేరాయి.

ఈ ఆంక్షల స్వభావం ఇక్కడ గమనించదగ్గది. బర్మా సరుకుల దిగుమతిని మసాచుసెట్స్ ఆపలేదు. ఆపే అధికారం కూడా దానికి లేదు. ఏ కంపెనీనీ బర్మా వెళ్ళొద్దని శాసించలేదు. ‘నువ్వు ఎక్కడైనా వ్యాపారం చేసుకో, కానీ నా డబ్బుతో కొనేటప్పుడు నీ పక్కవాడికి పది శాతం మొగ్గు చూపుతాను’ అంది, అంతే. ఈ తేడా చిన్నదేం కాదు. 2003లో అమెరికా కేంద్ర ప్రభుత్వం బర్మా దిగుమతులన్నీ నిషేధించినప్పుడు రంగూన్ బట్టల ఫ్యాక్టరీల్లో పనిచేసే వేలమంది వీధిన పడ్డారు. వాళ్ళలో ఎక్కువమంది ఊళ్ళ నుంచి వచ్చిన ఆడపిల్లలు. జనరళ్ళ గ్యాసు ఆదాయానికి ఏమీ కాలేదు. కొనుగోలు నిబంధన బరువు పడేది బోర్డు గదిలో కూర్చునేవాళ్ళ మీద. మిషను దగ్గర కూర్చునేవాళ్ళ మీద అంతగా పడదు. ఆంక్షలంటే పేదల పొట్ట కొట్టడమే అని వాదించేవాళ్ళు ఈ రెంటినీ ఒకే గాటన కడతారు. అది అన్యాయం.

ఎదురుదెబ్బ రెండు వైపుల నుంచి వచ్చింది. ప్రభుత్వ కొనుగోళ్ళ మీద ప్రపంచ వాణిజ్య సంస్థలో ఒక ఒప్పందముంది. దానికి కట్టుబడతామని చెప్పిన 37 అమెరికా రాష్ట్రాల్లో మసాచుసెట్స్ ఒకటి. ధర, నాణ్యతలతో సంబంధం లేని రాజకీయ కారణాలతో తమ కంపెనీలను పక్కన పెడుతున్నారని 1997లో ఐరోపా సమాఖ్య, జపాన్ ఫిర్యాదు చేశాయి. దేశీ కోర్టుల్లో కేసు నడుస్తోందని తర్వాత ఆ ఫిర్యాదును ఆపుకున్నాయి.

ఆ కేసు వేసింది నేషనల్ ఫారిన్ ట్రేడ్ కౌన్సిల్. 1914 నుంచి ఉన్న వ్యాపార సంఘం, వందల కంపెనీలు సభ్యులు. అందులో 34 కంపెనీలు మసాచుసెట్స్ జాబితాకెక్కాయి. కానీ వాటిలో ఒక్కటి కూడా తన సొంత పేరుతో కోర్టు మెట్లెక్కలేదు. సంఘం పేరుతోనే 1998 ఏప్రిల్‌లో దావా పడింది. సైనిక పాలకులతో వ్యాపారం చేసే హక్కు కోసం కోర్టుకు వచ్చిన బ్రాండుగా దుకాణాల్లో గుర్తుండిపోవడానికి ఎవరూ సిద్ధపడరు కదా. కంపెనీలకు పేరు మీద ఎంత భయమో ఈ ఒక్క సంగతి చెబుతుంది. జాబితా అసలు బలం పది శాతంలో కన్నా ఆ భయంలోనే ఎక్కువ ఉంది.

ప్రతివాదిగా రాష్ట్ర ఆర్థిక, పరిపాలన వ్యవహారాల కార్యదర్శిని చేర్చారు. కేసు పై కోర్టుకు పోతున్నకొద్దీ ఆ పదవిలో మనిషి మారుతూ వచ్చారు, కేసు పేరూ మారుతూ వచ్చింది. మొదట చార్లెస్ బేకర్, ఆయనే తర్వాతి కాలంలో మసాచుసెట్స్ గవర్నర్ అయ్యారు. తర్వాత ఆండ్రూ నాట్సియోస్. సుప్రీంకోర్టు నాటికి స్టీఫెన్ క్రాస్బీ. అందుకే న్యాయశాస్త్ర విద్యార్థులు ఇవాళ్టికీ దీన్ని ‘క్రాస్బీ కేసు’ అనే చదువుకుంటారు.

రాష్ట్రం వాదన మామూలు సంసారి కూడా ఒప్పుకునేలా ఉంటుంది. మేం చట్టంతో ఎవరినీ శిక్షించడం లేదు. బజారులో ఒక ఖాతాదారులం మాత్రమే. మా డబ్బుతో మేం ఎవరి దగ్గర కొనాలో మాకు చెప్పడానికి ఎవరికీ హక్కు లేదు. మా పన్ను సొమ్ము చేతులు మారి నియంతల ఖజానాకు చేరకూడదని మా ఓటర్లు కోరుకుంటున్నారు.

కౌన్సిల్ వాదన రాజ్యాంగం మీద నిలబడింది. విదేశాంగ విధానం దేశానికంతటికీ ఒక్కటే ఉండాలి. యాభై రాష్ట్రాలు యాభై దేశాల మీద తలో తీరుగా ఆంక్షలు పెడితే, విదేశాలతో మాట్లాడే అధ్యక్షుడి మాటకు విలువేముంటుంది?

1998 నవంబరులో బోస్టన్ జిల్లా కోర్టు జడ్జి జోసెఫ్ టారో చట్టాన్ని కొట్టేశారు. మరుసటి ఏడు అప్పీలు కోర్టు సమర్థించింది. 2000 జూన్ 19న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా అదే మాటన్నారు. ప్రధాన తీర్పు రాసింది డేవిడ్ సౌటర్.

ఆ తీర్పును జాగ్రత్తగా చదవాలి. రాష్ట్రాలు నీతి చూసి కొనుగోళ్ళు చేయకూడదని అందులో ఎక్కడా లేదు. మసాచుసెట్స్ చట్టం వచ్చిన మూడు నెలలకు, 1996 సెప్టెంబరులో, ఫెడరల్ కాంగ్రెస్ తనూ బర్మా మీద ఒక చట్టం చేసింది. పరిస్థితిని బట్టి ఆంక్షలు బిగించే, సడలించే వెసులుబాటును అధ్యక్షుడికి ఇచ్చింది. కొత్త పెట్టుబడుల జోలికే వెళ్ళింది, యునోకాల్ లాంటి పాతవాటిని ముట్టుకోలేదు. మిగతా దేశాలను కలుపుకుని సాగమంది. రాష్ట్ర చట్టానికి ఈ వెసులుబాటేదీ లేదు. అది పాత పెట్టుబడులను, విదేశీ కంపెనీలను కూడా పట్టుకుంది. ఒక దేశం మీద ఎంత ఒత్తిడి పెట్టాలో కాంగ్రెస్ కొలిచి పెట్టిన చోట రాష్ట్రం తన కొలతతో అడ్డుపడుతోంది కాబట్టి చెల్లదని సౌటర్ తేల్చారు. ఫెడరల్ చట్టమే లేకపోతే ఏమయ్యేదన్న ప్రశ్నకు కోర్టు జవాబు చెప్పలేదు.

చట్టం లెక్కన చూస్తే ఈ తర్కం గట్టిదే. కానీ కాలక్రమం చూస్తే మనసు ఒప్పుకోదు. ముందు కదిలింది రాష్ట్రం. తర్వాత కేంద్రం కదిలింది. 1997 మే నెలలో అధ్యక్షుడు క్లింటన్ బర్మాలో కొత్త పెట్టుబడులను నిషేధించారు. కింద అంటుకున్న నిప్పే పైకి పాకింది, పైకి వెళ్ళాక ఆ మంట పేరు చెప్పి కింది పొయ్యి ఆర్పేశారు. దక్షిణాఫ్రికా విషయంలోనూ పట్టణాలు, రాష్ట్రాలు ముందు నడవకపోతే వాషింగ్టన్ ఎప్పటికి కదిలేదో చెప్పలేం. దేశం ఒక్క గొంతుతో మాట్లాడాలన్నది సరే, ఆ గొంతు మూగబోయినప్పుడు మాట పెకిలించేది ఎవరు?

అమెరికాలో తర్వాత జరిగింది ఈ ప్రశ్నకు ఒక జవాబు. సూడాన్‌లోని దార్ఫూర్‌లో నరమేధం జరుగుతున్నప్పుడు ఇల్లినాయ్ రాష్ట్రం చేసిన చట్టాన్ని 2007లో ఫెడరల్ కోర్టు క్రాస్బీ బాటలోనే కొట్టేసింది. అదే ఏడాది చివర కాంగ్రెస్ దారి తెరిచింది. రాష్ట్రాలు సూడాన్ కంపెనీల నుంచి పింఛను నిధులు తీసేసుకోవచ్చని, పరిమితులకు లోబడి కాంట్రాక్టులు నిరాకరించవచ్చని చట్టం చేసింది. ఫెడరల్ ప్రభుత్వంతో కాంట్రాక్టు కావాలంటే సూడాన్‌లో నిషిద్ధ వ్యాపారం చేయడం లేదని కంపెనీ రాసివ్వాలంది. 2010లో ఇరాన్ మీదా ఇలాంటి ధ్రువపత్రమే వచ్చింది. 2019 చివర్లో చేసిన రక్షణ బడ్జెట్ చట్టంలో, వెనిజులాలోని మదురో ప్రభుత్వంతో వ్యాపారమున్నవాళ్ళకు రక్షణ శాఖ కాంట్రాక్టులివ్వకూడదన్న నిబంధన చేరింది. ఒకప్పుడు రషింగ్ ఒక రాష్ట్రంలో రాసిన ఆలోచన ఇప్పుడు వాషింగ్టన్ సొంత పనిముట్టు.

ఒకప్పుడు మసాచుసెట్స్ మీద ఫిర్యాదు చేసిన ఐరోపా కూడా ఆ దారికే వచ్చింది. ఉక్రెయిన్ మీద రష్యా దాడి తర్వాత, 2022 ఏప్రిల్‌లో, రష్యా కంపెనీలకు, రష్యన్ల యాజమాన్యంలోని సంస్థలకు ప్రభుత్వ కాంట్రాక్టులివ్వొద్దని సభ్య దేశాలన్నిటికీ నిబంధన పెట్టింది. సబ్‌కాంట్రాక్టర్ల వాటా కాంట్రాక్టు విలువలో పది శాతం దాటితే వాళ్ళకూ ఇది వర్తిస్తుంది. అది రష్యన్ కంపెనీల మీద పెట్టిన నిషేధం, మసాచుసెట్స్‌ది మూడో దేశాల కంపెనీల మీద పెట్టిన షరతు. రెండూ ఒకటి కావు. అయినా ధర, నాణ్యత తప్ప మరేదీ చూడకూడదన్న పాత పట్టుదల మాత్రం సడలింది.

మరి బర్మా మారిందా? నిజం చెప్పాలంటే నిలకడగా మారలేదు. 2010 తర్వాత తలుపులు కొద్దిగా తెరుచుకున్నాయి. 2015 ఎన్నికల్లో సూకీ పార్టీ గెలిచింది. 2016లో అమెరికా ఆంక్షలు ఎత్తేసింది. 2017లో సైన్యం రోహింగ్యాల ఊళ్ళు తగలబెట్టగా ఏడు లక్షలకు పైగా జనం బంగ్లాదేశ్‌కు పారిపోయారు. ఒకప్పుడు ప్రపంచమంతా ఎవరి కోసం నిలబడిందో ఆ సూకీ అంతర్జాతీయ న్యాయస్థానంలో తన దేశం తరఫున నిలబడి జాతిహత్య ఆరోపణలను తోసిపుచ్చారు. 2021 ఫిబ్రవరి 1న సైన్యం మళ్ళీ అధికారం లాక్కుని ఆమెను జైల్లో పెట్టింది. యదనా గ్యాసులో పాత భాగస్వామి టోటల్, యునోకాల్‌ను కొనేసిన షెవ్రాన్ తప్పుకుంటున్నట్టు ప్రకటించింది 2022 జనవరిలో. అంటే మసాచుసెట్స్ అడిగిన పాతికేళ్ళకు.

కొనుగోలు నిబంధన ఒక్కటే నియంతలను దించుతుందని ఎవరూ అనలేరు. నియంతలతో కలిసి సంపాదించడాన్ని కంపెనీకి ఖర్చుతో కూడిన వ్యవహారంగా మారుస్తుంది, అంతవరకే దాని పని. ఆ పని అది చేసిందని ఆపిల్ నిష్క్రమణ రుజువు చేస్తోంది.

భారతదేశానికి ఈ ఆలోచన కొత్తది కాదు. జాతివివక్షకు నిరసనగా దక్షిణాఫ్రికాతో వాణిజ్యం తెంచుకున్న మొదటి దేశం మనదే, 1946లో, స్వాతంత్ర్యం ఇంకా చేతికి రాకముందే. ఇప్పుడున్న నిబంధన మాత్రం వేరే రకం. మనతో భూసరిహద్దు ఉన్న దేశాల బిడ్డర్లు ముందుగా రిజిస్టర్ చేసుకుంటేనే ప్రభుత్వ టెండర్లలో పాల్గొనాలని 2020 జులై 23న కేంద్రం సాధారణ ఆర్థిక నిబంధనలను సవరించింది. రాజ్యాంగం 257వ అధికరణాన్ని ఆధారం చేసుకుని రాష్ట్రాలూ దీన్ని పాటించాలని లేఖలు రాసింది. మసాచుసెట్స్‌లో వాదులాడుకున్న ప్రశ్న ఇక్కడ అసలు పుట్టదు. విదేశీ వ్యవహారాలు కేంద్ర జాబితాలోవి. అమరావతి, హైదరాబాద్ సొంతంగా ఏ దేశం మీదా టెండరు షరతు పెట్టలేవు. మన సవరణకు కారణం జాతీయ భద్రత. ఆ కంపెనీ ఇంకెక్కడ ఎవరి అణచివేతకు ఆసరా ఇస్తోందన్న ప్రశ్న అందులో లేదు.

ఆ ప్రశ్న మన గుమ్మంలోకే వచ్చిన సందర్భాలున్నాయి. ఆంధ్రలో కృష్ణపట్నం, గంగవరం రేవులను నడుపుతున్న అదానీ పోర్ట్స్ యాంగోన్‌లో ఒక కంటెయినర్ టెర్మినల్ కట్టడం మొదలుపెట్టింది. పాత రంగూనే ఇప్పుడు యాంగోన్, పాత బర్మాయే మయన్మార్. ఆ స్థలం లీజుకిచ్చింది మయన్మార్ సైన్యం చేతిలో ఉన్న సంస్థ. 2021 తిరుగుబాటు తర్వాత ఆ లావాదేవీల మీద ప్రపంచమంతా కళ్ళు పడ్డాయి. నార్వేలో మున్సిపాలిటీ, ఆస్పత్రి ఉద్యోగుల పింఛను సొమ్ము చూసే కేఎల్‌పీ సంస్థ అదానీ పోర్ట్స్‌లో తన పెట్టుబడిని ఉపసంహరించుకుంది. ఆ ఏడాది అక్టోబరులో అదానీ ఆ ప్రాజెక్టు నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. 2023 మేలో 3 కోట్ల డాలర్లకు అమ్మేసింది. ఆంధ్ర రేవులు నడిపే కంపెనీని ఈ ప్రశ్న అడిగింది మనం కాదు, నార్వే మున్సిపల్ ఉద్యోగుల పింఛను నిధి.

ప్రభుత్వరంగ సంస్థలూ దీనికి అతీతం కాదు. రాజమండ్రి, కోనసీమల్లో ఇంటింటికీ తెలిసిన ఓఎన్‌జీసీ తన విదేశీ విభాగం ద్వారా మయన్మార్ షువే గ్యాసు క్షేత్రంలో 17 శాతం వాటా తీసుకుంది. గెయిల్‌ది 8.5 శాతం. అక్కడి ప్రభుత్వ చమురు సంస్థ 15 శాతం వాటాదారు. మన దేశానికి మయన్మార్‌తో పొడవైన సరిహద్దు ఉంది, ఈశాన్యంలో తిరుగుబాటుదార్ల సమస్య ఉంది, చైనా పోటీ ఉంది. ఢిల్లీ జాగ్రత్తగా అడుగులేయడానికి ఇవన్నీ కారణాలు. వాటిని తేలిగ్గా తీసిపారేయలేం. కానీ ఆ కారణాలను పార్లమెంటులో చెప్పించుకునే హక్కు పన్ను కట్టేవాళ్ళకుంది.

ఎవరిని నియంత అనాలి, ఎవరిని అనకూడదు అన్న చిక్కు కూడా ఉంది. చమురున్న రాజ్యాలను వదిలేసి పేద దేశాలనే పట్టుకుంటే అది నీతి అనిపించుకోదు. మసాచుసెట్స్ మీద వచ్చిన విమర్శల్లో ఇదొకటి, అందులో పసా ఉంది. అందుకే నిషేధం కన్నా ముందు వెల్లడి నిబంధన మేలనిపిస్తుంది. కంపెనీ ఎవరితో వ్యాపారం చేస్తోందో చెప్పాలి, ఆ చెప్పినది అందరికీ కనిపించాలి. ఆపిల్‌ను బర్మా నుంచి కదిలించిన జాబితాకు ఆధారమూ అదే, ఎవరు ఎక్కడ ఎవరితో లావాదేవీలు చేస్తున్నారన్న సమాచారం.

ఇవాళ ఒక కంపెనీ విజయవాడలోనో హైదరాబాద్‌లోనో సర్కారు టెండరు వేస్తే, భూసరిహద్దు దేశాలతో సంబంధం గురించి ధ్రువపత్రం జత చేయాలి. సరుకులో దేశీయ వాటా ఎంతో రాసివ్వాలి, ఇంతకుముందు బ్లాక్‌లిస్టులో పడ్డారా లేదా చెప్పాలి. ఇన్ని కాగితాల మధ్య ఇంకొక్క ప్రశ్నకు చోటు కల్పించడం కేంద్ర ఆర్థిక శాఖ చేతిలో పని: విదేశాల్లో సైనిక ప్రభుత్వాలకు గానీ వాటి కంపెనీలకు గానీ అద్దె, వాటా, రుసుము ఏదైనా చెల్లిస్తున్నారా? ఔననో కాదనో రాయడానికి కంపెనీకి అరనిమిషం పడుతుంది. కంచరపాలెం బర్మా క్యాంపులో ఉంటూ తాతల నాటి రంగం కబుర్లు విన్న మనిషి, ఆ జవాబును ఆన్‌లైన్‌లో తెరిచి తనే చదువుకునే వీలుండాలి.